ముందు లాక్ నంబరు చెప్పండి

మా కంపెనీ మూతపడినప్పుడు తెలిసినవాళ్లంతా ఒకటే మాట అన్నారు. కాలం మారిపోయింది, పాపం, మీవాళ్లు కనిపెట్టలేకపోయారు అని. ఆ ‘పాపం’ అనే మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కనిపెట్టలేకపోవడమేమిటి, నా మొహం! మా సార్ అందరికంటే ముందే కనిపెట్టారు. ఆయన కనిపెట్టిన రోజు నేను ఆయన కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాను. పెద్ద పెద్ద కంపెనీలు ఎందుకు కూలిపోతాయో పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలియదు. మాది ఎందుకు కూలిందో మాత్రం తెలుసు.

మా ఆఫీసు నారాయణగూడలో, ఒక మందుల షాపు పైన రెండో అంతస్తులో ఉండేది. మా ఇల్లు చిక్కడపల్లి. మా తాతగారు ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు కాబట్టి నేను పుట్టింది, పెరిగింది, కోపగించుకోవడం నేర్చుకుంది అంతా ఈ సందుల్లోనే. ఆఫీసుకి నడిచే వెళ్లేదాన్ని. మేం అమ్మే సరుకు ఒక్కటే, కంప్యూటర్లో తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్. ఇప్పుడు ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాళ్లూ బస్సులో నిలబడి తెలుగు కొట్టేస్తున్నారు కాబట్టి అదేం గొప్ప అనిపిస్తుంది. ఒకప్పుడు శుభలేఖ వేయాలన్నా, కరపత్రం వేయాలన్నా, పదో తరగతి గైడు వేయాలన్నా మా సాఫ్ట్‌వేరే దిక్కు. ఊళ్లో డీటీపీ షాపు అని బోర్డు ఉందంటే లోపల మా అక్షరాలే ఉండేవి.

అక్షరాలతో పాటు ఒక లాక్ ఉండేది. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని కంప్యూటర్ వెనక గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది, తీస్తే మూగబోతుంది. దొంగ కాపీలు వేసుకోకుండా సార్ చేసిన ఏర్పాటు అది. మా ఫైళ్లు కూడా ఆ లాక్ ఉంటేనే తెరుచుకునేవి. దానికి సార్‌కున్న గర్వం అంతా ఇంతా కాదు. నేను ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే నేర్పించారు. అవతలివాళ్లు ఏడుస్తున్నా, అరుస్తున్నా, “ముందు లాక్ నంబరు చెప్పండి” అనాలి. నంబరు చెప్పలేకపోతే వాళ్లు మన కస్టమర్ కాదు, ఫోన్ పెట్టేయాలి. నేనూ అలాగే అడిగేదాన్ని. ఆఖరికి మా పిన్ని ఇంటికి ఫోన్ చేసినా నోటికి అదే వచ్చేది, ఇంట్లో అందరూ నన్ను ఏడిపించేవాళ్లు.

సార్ మీద నాకు భక్తి ఉండేదని చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది ఎందుకంత మంటపుట్టించిందో అర్థం కాదు. ఆయన ఒక వత్తు ఎక్కడ కూర్చోవాలా అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెర ముందు కూర్చునేవారు. అన్నం చల్లారిపోయేది. “తెలుగు అక్షరం ఒకదాని నడుం మీద ఒకటి కూర్చుంటుందమ్మా, తొందరపడితే కుదరదు” అనేవారు. అలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నానని నేను బంధువుల పెళ్లిళ్లలో గొప్పలు చెప్పుకున్నాను.

దసరా వస్తే మా షాపుల వాళ్లు ఆయుధ పూజలో కంప్యూటర్‌కి బొట్టు పెట్టేవారు, లాక్‌కి ప్రత్యేకంగా పెట్టేవారు. ఊడదీసి, పళ్లెంలో పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ గుచ్చేవారు. ఆ కుంకుమ లోపలి రాగి పళ్లలో ఇరుక్కుని లాక్ చచ్చేది. పండగ వెళ్లాక మా ఫోన్ మోగడం ఆగేది కాదు. కొత్త లాక్ కొనుక్కోవడం తప్ప వాళ్లకి దారి లేదు. సంవత్సరాఖరున సార్ లెక్క చూసుకుని, “చూశావా, లాక్‌లు నిరుటికంటే ఎక్కువ అమ్ముడుపోయాయి, మన మార్కెట్ పెరుగుతోంది” అనేవారు. “సార్, అవి కొత్త షాపులు కావు, కుంకుమ” అన్నాను ఒకసారి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత తర్వాత షాపులు నిజంగానే తగ్గిపోతున్నా ఆ లెక్క మాత్రం బాగానే కనిపించేది. అప్పుడు నేను మళ్లీ గుర్తుచేస్తే నవ్వలేదు.

ఇక అక్క సంగతి. తోబుట్టువు కాదు, మా కస్టమర్. అశోక్‌నగర్‌లో హాస్టళ్ల మధ్య ఒక సందులో, మొదటి అంతస్తులో, అక్కకి చిన్న డీటీపీ షాపు. జనగామ వైపు పల్లె నుంచి గ్రూప్స్ రాయడానికి వచ్చిన మనిషి. ఉద్యోగం రాలేదు, వయసు దాటిపోయింది, ఊరికి తిరిగి వెళ్లడం ఇష్టంలేక ఇక్కడే నిలబడింది. తాను చదువుకున్నదంతా నోట్స్‌గా రాసి, తానే కొట్టి, తానే అచ్చు వేయించి అమ్మేది. తెలంగాణ చరిత్ర, పాలిటీ, భూగోళం. హాస్టళ్లలో దానికి ‘అక్క నోట్స్’ అనే పేరు. రచయిత పేరు పుస్తకం మీద ఉన్నా ఎవరూ చదవరు. ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా మారినవన్నీ సరిచేసి మళ్లీ వేసేది. ఆమె బతుకంతా, పేరంతా ఆ ఫైళ్లలోనే ఉంది. ఆ ఫైళ్లు మా లాక్ కింద ఉన్నాయి.

నెలకోసారి షాపులు తిరగడం కూడా నా ఉద్యోగమే. అక్క షాపుకి వెళ్తే గంట కూర్చోకుండా రానిచ్చేది కాదు. “ఏంది చెల్లె, బుగ్గలు గుంజుకపోయినయ్, మీ సార్ తిండి వెట్టనిస్తలేడా?” అనేది. అల్లం చాయ్ తెప్పించేది. నేను ‘మీరు’ అంటుంటే, “గీ మీరు గీరు జర పక్కకువెట్టు” అని తిట్టేది. నాకు మాత్రం అలవాటు పోలేదు.

ఒకరోజు సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద చదువుకుంటున్న ఇద్దరమ్మాయిల పక్కన కూర్చున్నాను. ఒకమ్మాయి ఫోన్‌లో ఏదో చదువుతోంది. చూద్దును కదా, అక్క నోట్సు! ఒక్కో పేజీ ఫొటో తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదువుతోంది. పుస్తకం మోయడం బరువా అని అడిగాను. “పుస్తకం హాస్టల్ల ఉన్నదక్కా. ఏడికి వోయినా చదవొచ్చని ఫొటో తీసుకున్నం. గని ఒక్క పేరు వెతుకుదామంటే పేజీలన్నీ జరపాలె. మంచిగ ఫోన్ తెలుగుల ఉంటే ఎంత బాగుండు” అంది. ఫోన్ తెలుగు అంటే యూనికోడ్. ఏ ఫోన్లో తెరిచినా, ఎవరికి పంపినా, తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి. మా ఫైల్లోని తెలుగును తీసి ఫోన్లో అతికిస్తే పిచ్చి గీతలూ ఇంగ్లీషు గుర్తులూ వచ్చేవి.

ఆ సాయంత్రమే సార్‌కి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఆ పిల్లల దగ్గర మన లాక్ ఉందా?” అన్నారు. లేదన్నాను. “మరి వాళ్లు మన కస్టమర్లు ఎలా అవుతారు?” అన్నారు. మా పెద్ద కస్టమర్లు, అంటే గైడ్లు వేసే ప్రచురణకర్తలు, ఏడాది పొడుగునా ఒకటే చెప్పేవారు. మా ఆపరేటర్ల వేళ్లకు మీ కీబోర్డు అలవాటైపోయింది, దేన్నీ ముట్టుకోకండి అని. సార్ వాళ్ల మాట వినేవారు. ఎక్కువ కొనేవాళ్ల మాట వినడం తప్పేమీ కాదు కదా! కానీ కొన్నవాళ్ల పుస్తకాలను చదివేది ఆ చెట్టు కింది పిల్లలే. వాళ్లు చదవడం మానేస్తే కొనేవాడు మన దగ్గరికి ఎందుకొస్తాడు? ఈ ముక్క నేను గట్టిగానే అన్నాను. ఆ రోజు మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

తర్వాత కొన్నాళ్లకు సార్ నన్ను పిలిచారు. “నువ్వన్నది నాకు తెలియనిది కాదు. చూడు” అని ఒక మీట నొక్కారు. కన్వర్టర్. మా ఫైలు ఒకవైపు నుంచి వెళ్లి రెండోవైపు ఫోన్ తెలుగులో బయటికి వస్తోంది. పరీక్షించడానికి నా దగ్గర అక్క ఇచ్చిన ఒక అధ్యాయం ఉంటే అదే వేశాం. నా ఫోన్‌కి పంపుకున్నాను. శాతవాహనులు నా అరచేతిలో వరసగా నిలబడ్డారు. పేరు కొట్టి వెతికితే దొరికింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. సార్‌కి చేతులెత్తి దండం పెట్టాను. “ఇంకా చిన్న చిన్న తప్పులున్నాయమ్మా. సరిచేసి అందరికీ ఇచ్చేద్దాం. షాపుల వాళ్లెవరూ కంగారుపడి వేరే దానికి మారిపోవద్దని నువ్వే చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు” అన్నారు.

నువ్వు చెబితే నమ్ముతారు. ఆ మాటకి ఆ రోజు నేను ఉబ్బిపోయాను.

అక్క దగ్గరికి పరుగెత్తుకెళ్లాను. ఆమె అప్పటికే వేరే ఆలోచనలో ఉంది. “చెల్లె, ఒక్క మాట ఖుల్లా చెప్పు” అంది. “ఎండకాలం, హాస్టల్ పిల్లలు ఖాళీగున్నరు. తలా ఇంత పంచుకొని మొత్తం మ్యాటర్ ఫోన్ తెలుగుల మళ్ల కొట్టిస్తమంటున్నరు. కొట్టియ్యమందునా, ఆపుమందునా?”

“ఆపండక్కా. ఉన్నది మళ్లీ కొట్టించడమెందుకు? కన్వర్టర్ వచ్చేస్తోంది, నా కళ్లతో చూశాను. మాటిస్తున్నాను.”

“పక్కానా?”

“పక్కా.”

“అయితె నీ మాట మీద ఆపుతున్న. యాదుంచుకో” అంది. పిల్లలకు ఫోన్ చేసి వద్దని చెప్పేసింది, నా ముందే.

ఆ ఎండాకాలం పోయింది. సార్ని అడిగితే ఈ వారం అనేవారు. వచ్చే వారం అడిగితే మళ్లీ ఈ వారం అనేవారు. కొత్త వర్షన్ అంటూ ఒకటి వచ్చింది, పండగలా పంచాం. విప్పి చూస్తే కన్వర్టర్ లేదు, లాక్ మాత్రం ఇంకాస్త గట్టిపడింది. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్నట్టుంది మా వ్యవహారం. ఒక్కో షాపూ జారిపోతోంది. నల్లకుంటలో ఒకాయన మా బోర్డు తీసేసి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే షాపు పెట్టుకున్నాడు. కవాడిగూడలో ఒకాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అక్క మాత్రం కదల్లేదు. కొత్తగా రాసింది కూడా మా సాఫ్ట్‌వేర్‌లోనే కొట్టుకుంటూ పోయింది, అంతా ఒకేసారి మార్చేసుకుందామని.

నోటిఫికేషన్ పడింది. ఆ వారం అశోక్‌నగర్ చూడాలి! జిరాక్స్ షాపుల ముందు జాతర, టీ బండ్ల దగ్గర ఒకటే చర్చ, ఖాళీగా ఉన్న హాస్టల్ మంచాలన్నీ నిండిపోయాయి. అక్క పొద్దున్నే ఫోన్ చేసింది. “చెల్లె, ఇప్పుడు గాకుంటె ఇగ నాకెన్నడు గాదు. పిల్లలు పుస్తకం కొంటలేరు, ఫోన్ల ఉన్నదా అని అడిగి పోతున్నరు. మీ సార్ని జర గట్టిగడుగు.” అడిగాను. “రేపో ఎల్లుండో” అన్నారు సార్, నా మొహంలోకి చూడకుండా.

అదే రోజు మధ్యాహ్నం మా పెద్ద ప్రచురణకర్త ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అది మాకు నాలుగు వీధుల అవతల. ఏదో ప్రింటర్ గొడవ. వెళ్లాను. ఆపరేటర్ పక్కన కూర్చుంటే అతని తెర మీద ఆ మీట కనిపించింది. నేను దండం పెట్టిన మీట. అతను వాళ్ల పాత గైడు ఫైళ్లను ఒక్కొక్కటే దాంట్లో వేస్తున్నాడు, రెండోవైపు ఫోన్ తెలుగు వస్తోంది.

“ఇదెక్కడిది?” అన్నాను.

“మీ సారే పెట్టిచ్చిండు గద మేడం. దసరా ముందటి సంది వాడుతున్నం. మా గైడ్లన్నీ ఫోన్ల పెట్టేసినం, మస్తు పోతున్నయ్” అన్నాడతను అమాయకంగా. పాపం, అతనికేం తెలుసు.

ప్రింటర్ సంగతి చూడకుండానే లేచి వచ్చేశాను. ఫ్లైఓవర్ కింద నుంచి మా ఆఫీసు వైపు నడిచాను. దసరా ముందు నుంచి! నేను వారం వారం అక్కకి ‘ఈ వారం’ అని చెబుతున్న రోజులన్నీ అవి.

సార్ గదిలో ఒక్కరే ఉన్నారు. నేను కూర్చోలేదు. ఆయనే అన్నారు, “అక్కడికి వెళ్లావని ఫోన్ వచ్చిందమ్మా. కూర్చో.”

“తప్పులు సరిచేస్తున్నానన్నారు కదా సార్.”

“తప్పులేమీ లేవు. నువ్వు చూసిన రోజే అది పూర్తయింది.”

ఎంత తేలిగ్గా అన్నాడు! ఇక్కడి నుంచి ఆయనకి నా నోట ‘అన్నారు’ రాదు, క్షమించండి.

“మరెందుకు ఇవ్వలేదు?”

“ఇచ్చేస్తే మన దగ్గర ఎవరుంటారమ్మా? వాళ్ల ఫైళ్లు వాళ్లు తీసుకుని ఎటు కావాలంటే అటు పోతారు. ఉచితంగా దొరికే కీబోర్డు ఉండగా మన లాక్ ఎవడు కొంటాడు? ఆ ఫైళ్లు లోపల ఉన్నన్నాళ్లే మనం ఉంటాం. అది నాకు మొదటి నుంచీ తెలుసు.”

“మరి వాళ్లకెందుకిచ్చారు?”

“వాళ్లు పెద్దవాళ్లు. వచ్చే నెలలో కంపెనీని వాళ్లే తీసుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఆపేస్తారు. కన్వర్టర్ ఇంకెవరికీ ఇవ్వకూడదన్నది వాళ్ల షరతు. సంతకం పెట్టాను.” ఆ వెంటనే, “నిన్ను వాళ్ల దగ్గర ఉద్యోగంలో పెట్టిస్తాను, నీ గురించి చెప్పాను” అన్నాడు, నాకేదో వరం ఇస్తున్నట్టు.

“అశోక్‌నగర్ అక్కకి నేను మాటిచ్చాను సార్. మీరు ఇమ్మంటే ఇచ్చాను.”

“ఒక్క షాపు కోసం అంత బాధపడతావేంటమ్మా.”

కంచే చేను మేయడమంటే ఇదే. దొంగలు రాకుండా తాళం వేశానని చెప్పిన మనిషి, నమ్మి లోపలికి వచ్చినవాళ్లను బయటికి పోనివ్వకుండా అదే తాళాన్ని వాడుకున్నాడు. బయటికి పోయే దారి తెలిసి కూడా దాన్ని వాళ్ల పోటీదారు చేతిలో పెట్టాడు. అక్క నోట్సుకి పోటీ ఎవరనుకున్నారు, ఆ గైడ్లే కదా! అక్కని ఆపమన్నది కూడా వాళ్ల కోసమేనా అని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్క కాపీ ఇవ్వండి, ఒక్క మనిషికి, మీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. నిజంగానే వంగబోయాను కూడా. “సంతకం పెట్టానమ్మా” అన్నాడు మళ్లీ. వత్తు సరిగ్గా కూర్చోలేదని అన్నం మానేసే మనిషి! ఇన్నేళ్ల భక్తిని ఆ గదిలోనే వదిలేసి బయటికొచ్చాను. ఉద్యోగం కూడా ఆ రోజుతోనే సరి.

నడుచుకుంటూ అశోక్‌నగర్ వెళ్లాను. దారి పొడుగునా చిన్నపిల్లలా ఏడ్చాను, సిగ్గుపడలేదు. సందు మొదట్లో పేవ్‌మెంట్ మీద కూర్చున్న కుర్రాళ్లు ఫోన్లలో చదువుతున్నది ఆ గైడ్లే. మెట్లెక్కేసరికి అక్క కంప్యూటర్ ముందు ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

“తెచ్చినవా?” అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. కన్వర్టర్ ఎప్పుడో తయారైందని, గైడ్ల వాళ్లకిచ్చి మీకివ్వలేదని, ఇక ఎప్పటికీ ఇవ్వరని, కంపెనీ కూడా ఉండదని. సార్ నన్ను కూడా మోసం చేశాడని. అంతా విన్నాక అక్క కుర్చీలో కూర్చుంది.

“నీకెప్పుడు తెలిసింది?”

“ఇందాకే అక్కా. అక్కడి నుంచే వస్తున్నాను.”

ఆమె నమ్మిందో లేదో మొహంలో ఏమీ తెలియలేదు. బల్ల కింది నుంచి తన చరిత్ర పుస్తకం తీసింది, మొదటి పేజీ తెరిచి తెరకి ఆనించింది. ఫోన్ తెలుగు తెరిచి మొదటి మాట కొట్టడం మొదలుపెట్టింది. కొత్త కీబోర్డు, చేయి తిరగడం లేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. ఎండాకాలంలో కొట్టిస్తామన్న పిల్లలంతా ఇప్పుడు చదువుల్లో మునిగిపోయారు. అన్ని వందల పేజీలు అలా కొట్టేసరికి పరీక్ష అయిపోతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

పక్కన ఇంకో కంప్యూటర్ ఖాళీగా ఉంది. కుర్చీ లాక్కుని, “పాలిటీ నాకివ్వండి అక్కా. రాత్రీ పగలూ ఇక్కడే కూర్చుంటాను” అన్నాను. బల్ల మీదున్న పాలిటీ పుస్తకం మీద చేయి వేశాను. ఆమె ఆ పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

“వద్దు.”

“అక్కా, నా తప్పేముంది? ఆయన నన్ను కూడా...”

“మీ సార్ మంచోడా, చెడ్డోడా, నాకేమెరుక?” అంది అక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండా. “ఆయనతోని నేనెన్నడన్న మాట్లాడిన్నా? ఆయన నాకేం మాటియ్యలే. ఆగుమని మాటిచ్చింది నువ్వు.”